అచ్చు పనిని పండగ చేసుకున్న రాగి చెక్కుడు ప్రింట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న తెనాలిలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్, అంటే సీసం అక్షరాలు ఏరి పేర్చేవాడు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, అప్పుడప్పుడూ ఒక పద్యాల పుస్తకం, ఇదీ ఆయన పని. స్కూలు అయిపోగానే నేను ప్రెస్సుకి పోయి ట్రెడిల్ (కాలితో తొక్కే అచ్చు మిషను) పక్కన కూర్చునేదాన్ని. అందుకే పాత యూరప్ ప్రింట్లలో ప్రెస్సు బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు అది కొత్త చోటులా అనిపించలేదు, కేసు (అక్షరాలు పెట్టుకునే గళ్ళ పెట్టె) ముందు కూర్చున్న మనిషి భుజం వంగిన తీరు చూసి ఇది మా నాన్నే కదా అనుకున్నాను. అప్పట్నుంచీ వీటి వెనకాలే పడ్డాను. ఎవరికి చూపించినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా.

అసలు ఏ ప్రింట్ల గురించి చెప్తున్నారు?

అచ్చు ఎలా పుట్టింది, ఎవరు కనిపెట్టారు, ప్రెస్సులో పని ఎలా జరుగుతుంది అనే సంగతుల్ని గొప్పగా చూపించటానికి రాగి రేకు మీద చెక్కి తీసిన బొమ్మలు. 1500ల చివర్నుంచి 1700ల మధ్య దాకా బెల్జియం, హాలండ్, ఫ్రాన్స్ వైపు ఇవి బాగా వచ్చాయి. కొన్ని విడి కాయితాలుగా అమ్మారు, కొన్ని పుస్తకం మొదట్లో టైటిల్ పేజీకి ఎదురుగా వేశారు. నేను ఇక్కడ ఎక్కువగా మాట్లాడేది నాలుగైదు ప్రింట్ల గురించే: నోవా రెపెర్టా సిరీస్, హార్లెమ్ ఊరివాళ్ళ 1628 ప్రింటు, పారిస్‌లో అబ్రహాం బోస్ చేసిన 1642 ప్రింటు, హేగ్‌లో వచ్చిన 1740 ప్రింటు. యూరప్‌లో అచ్చు కనిపెట్టాడని చెప్పుకునే జర్మనీ ఆయన గూటెన్‌బర్గ్ మొహం సంగతి కూడా చెప్పకుండా ఉండలేను.

ఎన్‌గ్రేవింగ్ అంటే చెక్క బ్లాకు లాంటిదేనా?

కాదు, సరిగ్గా దానికి తిరగేసిన పద్ధతి. చెక్క బ్లాకులో (కలంకారీ అద్దకం బ్లాకు గుర్తుతెచ్చుకోండి) అక్కర్లేని చోటంతా తవ్వేస్తారు, మిగిలిన ఎత్తు భాగానికి రంగు పూసి అద్దుతారు. సీసం అక్షరం కూడా అంతే, ఎత్తుగా ఉన్న మొహానికే సిరా అంటుతుంది. రాగి ఎన్‌గ్రేవింగ్‌లో సిరా ఉండేది గాడిలో. నున్నగా సానబెట్టిన రాగి రేకు మీద బ్యూరిన్ అనే సన్నటి ఉలిని అరచేతి కింద పెట్టి ముందుకి తోస్తారు, రాగి సన్నటి పోగులా లేచి వస్తుంది, కింద గాడి పడుతుంది. గీత వంపు తిరగాలంటే చాలావరకు ఉలిని తిప్పరు, రేకునే తిప్పుతారు. అందుకే రేకు కింద ఇసక నింపిన తోలు దిండు పెట్టుకునేవాళ్ళు.

తర్వాత రేకంతా సిరా పట్టించి, పైన ఉన్నది గుడ్డతో, చివరికి అరచేత్తో తుడిచేస్తారు, గాడిలోది మాత్రం అలాగే ఉండిపోతుంది. తడిపిన కాయితం పైన వేసి, దాని మీద ఉన్ని గుడ్డలు పరిచి రెండు రోలర్ల మధ్య నుంచి గట్టిగా లాగితే మెత్తబడ్డ కాయితం గాడిలోకి దిగి సిరాని పట్టుకొస్తుంది.

ఇదంతా ఎక్కడో పాతకాలం సంగతి అనుకోకండి, మీ జేబులో వంద నోటో అయిదొందల నోటో ఉంటే తీసి గాంధీగారి బొమ్మ మీద వేలితో తడమండి, కొంచెం ఎత్తుగా తగులుతుంది. అది కూడా గాడిలోంచి సిరా తీసే పద్ధతే, ఇంటాగ్లియో అంటారు. కొత్త నోటు అయితే ఇంకా బాగా తెలుస్తుంది.

నోవా రెపెర్టా అంటే ఏంటి? అందరూ దాని పేరే చెప్తారెందుకు?

లాటిన్‌లో ఆ మాటకి కొత్తగా కనిపెట్టినవి అని అర్థం. బొమ్మలు గీసినాయన యాన్ వాన్ డర్ స్ట్రాట్, లాటిన్‌లో స్ట్రాడానస్ అని పిలుచుకున్నారు, 1523లో బ్రూజ్‌లో పుట్టాడు, ఎక్కువ కాలం ఇటలీలో ఫ్లోరెన్స్‌లో మెడిచి ప్రభువుల దగ్గర పనిచేశాడు, 1605లో అక్కడే పోయాడు. ఆయన గీసిన బొమ్మల్ని ఆంట్‌వెర్ప్‌లో రాగి మీద చెక్కించి అచ్చేసి అమ్మింది ఫిలిప్స్ గాలె. 1590ల ప్రాంతంలో వచ్చాయి. టైటిల్ పేజీ కాక 19 బొమ్మలు. కాయితం సుమారు 27 సెంటీమీటర్ల వెడల్పు, 20 ఎత్తు, అంటే మన ఎ4 కన్నా కొంచెం చిన్నది.

టైటిల్ పేజీయే ఒక అరగంట చూడొచ్చు. ఒక పక్క పడుచు పిల్ల, చేతిలో తన తోకని తనే మింగుతున్న పాము చక్రం, అమెరికా మ్యాపు వైపు చూపిస్తూ లోపలికి వస్తుంది. ఇంకో పక్క గడ్డం ముసలాయన, ఆయన చేతిలోనూ అలాంటి పామే, బయటికి వెళ్ళిపోతున్నాడు. పాత కాలం పోతుంది, కొత్త కాలం వస్తుంది అని నాకు అర్థమయింది. చుట్టూ కొత్త వస్తువులు: దిక్సూచి, ఫిరంగి, గడియారం, పట్టు, ద్రవాల్ని మరిగించి ఆవిరి పట్టే బట్టీ సామాను, గుర్రం జీను. వీటి మధ్యలో అచ్చు ప్రెస్సు. దిక్సూచి, తుపాకి మందు, అచ్చు ఈ మూడే లోకం మొహం మార్చేశాయని ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ బేకన్ అనే తత్వవేత్త 1620లో రాశాడు, ఈ బొమ్మలో అంతకు ముందే మూడూ ఒకే కాయితం మీద ఉన్నాయి.

అందులో అచ్చు బొమ్మ ఏది? ఏం చూడాలి?

నాలుగోది. పుస్తకాలు అచ్చేయటం అని లాటిన్ పేరు. ఒక్కసారి తొందర పడకుండా చూడండి.

కంపోజిటర్లు కేసుల ముందు కూర్చుని ఉన్నారు, కంపోజ్ చెయ్యాల్సిన కాపీ కళ్ళెదురుగా తగిలించుకున్నారు. చెయ్యి గళ్ళలోకి పోతుంది, కళ్ళు కాపీ మీదే ఉన్నాయి. ఇది గీసినాయన ప్రెస్సులోకి వెళ్ళి చూసి ఉంటాడు, ఊరికే ఊహించుకుంటే ఇలా రాదు. మా నాన్న కూడా కేసు వైపు చూసేవాడు కాదు, క కి ఏ గడి, దాని వత్తుకి ఏ గడి అనేది వేళ్ళకే తెలుసు. ఇంగ్లీషుకన్నా మన కేసు చాలా పెద్దది కదా, గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా ఉండాలి, అయినా చూడకుండానే తీసేవాడు, ఎవరైనా చిన్నపిల్లలు ముట్టుకుని ఒక అక్షరం వేరే గడిలో పడేస్తే మాత్రం సాయంత్రానికి ప్రూఫులో (తప్పులు చూసుకోటానికి తీసే మొదటి అచ్చు) తెలిసిపోయేది.

కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన కాయితం దగ్గరగా పెట్టుకుని ప్రూఫు చూస్తున్నాడు. ప్రెస్సు దగ్గర ఒకడు కడ్డీ లాగుతున్నాడు, ఇంకొకడి చేతుల్లో లోపల ఉన్ని కుక్కిన తోలు బంతులు, వాటితోనే అక్షరాలకి సిరా అద్దేవాళ్ళు, రోలర్లు చాలా తర్వాత వచ్చాయి. అచ్చయిన కాయితాలు ఒక కుర్రాడు సర్దుతున్నాడు. పైన తాళ్ళ మీద తడి కాయితాలు వేలాడుతున్నాయి, బట్టలు ఆరేసినట్టు.

ఇందులో కనిపెట్టిన మహానుభావుడు ఎక్కడా లేడు. కిరీటం లేదు, దేవదూతలు లేరు. అందరూ పనివాళ్ళే. ఈ ప్రింట్లన్నిట్లోకీ నాకు ఇదే ఎక్కువ ఇష్టం, కారణం అదే.

కింద లాటిన్‌లో ఏదో రాసుంది, ఏంటది?

ఒక గొంతు మాట ఎన్నో చెవులకి చేరినట్టే, ఒకసారి రాసింది వెయ్యి పేజీలకి పూసుకుంటుంది అని దాని సారాంశం. పూయటం అనే మాటే వాడాడు చూడండి, సిరా చేతికంటిన వాడికి తట్టే మాట అది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి చెప్పాలి. ఆ రెండు లైన్లలో ఒక్క సీసం అక్షరం కూడా లేదు. రాగి రేకుని రోలింగ్ ప్రెస్సు మీద అచ్చేస్తారు, సీసం అక్షరాల్ని స్క్రూ ప్రెస్సు మీద అచ్చేస్తారు, రెండూ ఒకే దెబ్బకి పడవు. అందుకని ఆ లాటిన్ లైన్లు కూడా బొమ్మలాగే రాగి మీద ఉలితో, అద్దంలో కనపడ్డట్టు తిరగేసి, కుడి నుంచి ఎడమకి చెక్కారు. అంటే కదిలే అక్షరం వల్ల వెయ్యి పేజీలు వస్తాయి అని పొగిడిన ఆ వాక్యాన్ని ఒక మనిషి ఒక్కో అక్షరం చేత్తో చెక్కాల్సొచ్చింది. నేను ఇది తెలుసుకున్న రోజు భూతద్దం పెట్టి ఆ అక్షరాల్నే చూస్తూ కూర్చున్నాను, ఒకే అక్షరం రెండు చోట్ల వచ్చినప్పుడు రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, తోక ఒకచోట కాస్త పొడుగు, ఒకచోట పొట్టి.

మరి రాగి చెక్కే వాళ్ళు తమ పనిని తాము చూపించుకోలేదా?

చూపించుకున్నారు! అదే సిరీస్‌లో పందొమ్మిదోది, అంటే చివరిది, రాగి మీద చెక్కటం గురించే. నేర్చుకునే కుర్రాళ్ళు బొమ్మలు గీస్తుంటారు, ఒకాయన రేకు చెక్కుతుంటాడు, ఇంకొకరు రేకు వేడి చేసి సిరా పట్టిస్తుంటారు, ఒక మనిషి రోలింగ్ ప్రెస్సు చక్రం ఆకుల్ని పట్టుకుని ఒళ్ళంతా వంచి లాగుతుంటాడు, పైన తాళ్ళకి బొమ్మలు ఆరుతుంటాయి. కాయితం కొన్నవాడికి, తన చేతిలో ఉన్న ఈ కాయితం ఎలా తయారయిందో ఆ కాయితమే చూపిస్తుంది అనమాట. నాలుగోదీ పందొమ్మిదోదీ పక్కపక్కన పెట్టి చూడండి, రెండు ప్రెస్సుల తేడా పుస్తకం చదివితే వచ్చేదానికన్నా బాగా అర్థమవుతుంది.

ఈ బొమ్మల్లో ఉన్నట్టే నిజంగా ప్రెస్సులు ఉండేవా?

పని వరకు చాలామటుకు అవును. గది వరకు మాత్రం సర్ది గీసినవే. ఒకే గదిలో, ఒకే క్షణంలో, అన్ని పనులూ, ఎవరూ ఎవరికీ అడ్డం రాకుండా జరగటం చూపించడం కోసం చేసిన ఏర్పాటు. నిజం ప్రెస్సులో నేల మీద చిరిగిన కాయితాలు, సిరా మరకలు, పడిపోయిన టైపు ఉంటాయి. ఇంకోటి, చెక్కిన బొమ్మ అచ్చులో తిరగబడుతుంది కాబట్టి గీసే వాళ్ళు ముందే లెక్క వేసుకుని తిరగేసి గీయాలి, ఎవరైనా మర్చిపోతే ప్రింటులో మనుషులంతా ఎడమచేతి వాటం అయిపోతారు. పాత ప్రింట్లలో ఎడమ చేత్తో రాసేవాళ్ళు కనపడితే ముందు అది అనుమానించండి.

గూటెన్‌బర్గ్ బొమ్మ అని అందరూ పెట్టే గడ్డం మనిషి నిజంగా ఆయనేనా?

కాదు. ఆయన బతికుండగా గీసిన బొమ్మ ఒక్కటీ లేదు. 1468లో పోయాడు. ఆ గడ్డం, టోపీ మొహం 1584లో పారిస్‌లో ఆంద్రె తెవె వేసిన ప్రముఖుల బొమ్మల పుస్తకంలో రాగి చెక్కుడుగా వచ్చింది, అంటే ఆయన పోయిన 116 ఏళ్ళకి. తర్వాత వచ్చిన చెక్కుడు బొమ్మలు, విగ్రహాలు, స్టాంపులు చాలావరకు ఆ మొహాన్నే అటూ ఇటూ మార్చి వాడుకున్నాయి. మన వేమన సంగతి ఆలోచించండి, ఆయన ఎలా ఉండేవాడో చూసి గీసినవాళ్ళెవరూ లేరు, అయినా వేమన అనగానే మనందరికీ ఒకే రూపం కళ్ళ ముందుకొస్తుంది కదా.

హాలండ్ వాళ్ళు వేరే ఎవరో కనిపెట్టారంటారట?

లారెన్స్ యాన్స్‌జోన్ కోస్టర్. హార్లెమ్ ఊరు. కథ ఏంటంటే ఆయన ఊరి పక్క తోపులో నడుస్తూ మనవళ్ళ కోసం బీచ్ చెట్టు బెరడుతో అక్షరాలు చెక్కాడని, అవి అద్దితే కాయితం మీద పడ్డాయని, అలా అచ్చు పుట్టిందని, తర్వాత ఒక పనివాడు క్రిస్మస్ రాత్రి టైపు సామాను దొంగిలించుకుని జర్మనీ మైంజ్ పారిపోయాడని. ఈ కథ హాడ్రియానస్ యూనియస్ అనే ఆయన రాసిన పుస్తకంలో 1588లో అచ్చయింది. ఇప్పుడు చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు.

కానీ ఆ ఊరివాళ్ళు మాత్రం దీన్ని గుండెకి హత్తుకున్నారు. 1628లో సామ్యుయెల్ ఆంప్‌జింగ్ హార్లెమ్ గొప్పతనం మీద ఒక పుస్తకం వేశాడు, అందులో పీటర్ సాన్‌రెడామ్ గీయగా యాన్ వాన్ డ వెల్డ చెక్కిన ప్రెస్సు బొమ్మ ఉంది. సాన్‌రెడామ్ అంటే ఆ తర్వాత చర్చిల లోపలి బొమ్మలకి పేరు పడ్డ పెయింటరే. స్పెయిన్‌తో యుద్ధం నడుస్తున్న కాలం, మాకూ ఒక గొప్ప ఉంది అని చెప్పుకోవాల్సిన అవసరం ఆ ఊరికి ఉంది, నాకు అందులో అబద్ధం కన్నా ఆరాటమే ఎక్కువ కనపడుతుంది. 1856లో ఊరి మధ్య సంత మైదానంలో కోస్టర్ విగ్రహం కూడా పెట్టారు, చేతిలో ఒక అక్షరం ఎత్తి పట్టుకుని ఉంటాడు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఈ బొమ్మల్లో ఎవరు కనిపెట్టారు అన్న సంగతి నమ్మకండి, ఎలా చేశారు అన్నది మాత్రం నమ్మండి. పేర్ల దగ్గర ఊరి పౌరుషం అడ్డం వస్తుంది, తోలు బంతి ఎలా పట్టుకోవాలి అన్న దగ్గర ఎవరికీ ఏ పౌరుషమూ లేదు.

ప్రెస్సు ఆకాశం నుంచి దిగుతున్న బొమ్మ ఒకటి చూశాను, అదేంటి?

అది 1740లో హేగ్‌లో ప్రోస్పె మార్షాన్ అచ్చు పుట్టుక మీద వేసిన ఫ్రెంచి పుస్తకంలో మొదటి బొమ్మ. చెక్కింది యాకోబ్ వాన్ డర్ స్లె. మబ్బుల్లోంచి ప్రెస్సు దిగొస్తుంది, మినర్వా, మెర్క్యురీ దేవతలు దాన్ని తెస్తున్నారు (ఒకామె మన సరస్వతి లాంటిదనుకోండి, రెండో ఆయన కబుర్లు మోసే దేవుడు, వర్తకులకి కూడా దేవుడే). కింద జర్మనీ అనే స్త్రీ అందుకుని హాలండ్, ఇంగ్లండ్, ఇటలీ, ఫ్రాన్స్ అనే స్త్రీలకి పంచుతుంది. చేతుల్లో గుండ్రటి పతకాలు, వాటి మీద ఆయా దేశాల ముద్రాపకుల మొహాలు, ఇంగ్లండ్‌కి కాక్స్‌టన్, ఇటలీకి ఆల్దస్, హాలండ్‌కి మన కోస్టర్.

అచ్చు పుట్టింది 1440లో అని ఆనవాయితీగా పెట్టుకున్నారు కాబట్టి 1740 అంటే మూడొందలేళ్ళ పండగ. చెక్కుడు పనితనం చాలా గొప్పది, మబ్బు మెత్తగా, కొయ్య గట్టిగా ఒకే ఉలితో చూపించాడు. కానీ నాకు ఇందులో ఒక లోటు, ప్రెస్సు ఉంది, దాన్ని లాగేవాడు ఎక్కడా లేడు.

అబ్రహాం బోస్ ప్రింటు ఇందులోకి వస్తుందా?

వస్తుంది, కాకపోతే అది ఉలితో చెక్కింది కాదు, ఎచింగ్. రేకు మీద వార్నిష్ లాంటి పూత పూసి సూదితో గీసి ఆసిడ్‌లో పెడితే గీసిన చోట రాగిని అది తినేస్తుంది. 1642 పారిస్. రోలింగ్ ప్రెస్సు పనివాళ్ళ గది. ఒకడు రేకుకి సిరా పట్టిస్తున్నాడు, ఒకడు అరచేత్తో తుడుస్తున్నాడు, ఒకడు ప్రెస్సు ఆకుల మీద చేతులతో పాటు కాలు కూడా వేసి లాగుతున్నాడు. ఆ కాలు చూడండి చాలు, ఆ ప్రెస్సు ఎంత బరువో తెలుస్తుంది. మూడేళ్ళకి, 1645లో, బోస్ ఈ పని ఎలా చెయ్యాలో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు, దాచుకోకుండా.

ప్రెస్సుని చూపించిన అన్నిటికన్నా పాత బొమ్మ ఇవేనా?

కాదు. 1499లో ఫ్రాన్స్‌లో లియోన్‌లో అచ్చయిన మృత్యు నాట్యం పుస్తకంలోది ఇప్పటికి దొరికిన వాటిలో పాతది. అది చెక్క బ్లాకు. అస్థిపంజరాలు వచ్చి కంపోజిటర్నీ ప్రెస్సువాళ్ళనీ పుస్తకాల కొట్టాయన్నీ లాక్కుపోతుంటాయి. అది పండగ బొమ్మ కాదు, చావు ఎవర్నీ వదలదని చెప్పే బొమ్మ.

అచ్చు చైనాలోనే ముందు పుట్టింది కదా, వీళ్ళు ఎందుకు ఇంత గొప్ప చెప్పుకుంటారు?

నిజమే. తారీఖు వేసి ఉన్న అచ్చు గ్రంథాల్లో పాతది, వజ్రచ్ఛేదిక సూత్రం అనే బౌద్ధ గ్రంథం, 868 నాటిది, అందులో బుద్ధుడి బొమ్మ కూడా ఉంది. మట్టి అక్షరాలు విడివిడిగా చేసి పేర్చటం బి షెంగ్ 1040లలోనే చేశాడు. కొరియాలో లోహపు అక్షరాలతో 1377లో అచ్చేసిన పుస్తకం ఇప్పటికీ పారిస్‌లో ఉంది, గూటెన్‌బర్గ్ బైబిల్ 1455 ప్రాంతం. ఈ సంగతులు పక్కన పెట్టుకుని యూరప్ ప్రింట్లు చూస్తే వాళ్ళు ఎక్కడ నుంచి మాట్లాడుతున్నారో స్పష్టంగా తెలుస్తుంది, పనితనం మీద గౌరవం మాత్రం ఏమీ తగ్గదు.

మన తెలుగుకి వీటితో ఏమైనా సంబంధం ఉందా?

నేరుగా ఆ ప్రింట్లలో లేదు. కానీ మూడు ముక్కలు చెప్తాను.

ఒకటి, తెలుగు పుస్తకాలు అచ్చు అక్షరాలతో మొదట వచ్చింది జర్మనీలో హాలే ఊళ్ళో అని చెప్తారు, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746 నుంచి వేయించినవి. అంటే 1740 పండగ అయిన ఆరేళ్ళకే అదే జర్మనీలో మన అక్షరం సీసంలో పోతపోశారు. ఆ బొమ్మలో జర్మనీ నాలుగు దేశాలకే పంచింది, ఇంకొకటి కూడా గీయాల్సింది అనిపిస్తుంది నాకు.

రెండోది తిరుమల. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించారు కదా. వందల ఏళ్ళు సంకీర్తన భాండారంలో ఉండిపోయి ఇరవయ్యో శతాబ్దంలో అచ్చులోకి వచ్చాయి. యూరప్‌లో రాగి మీద ఉలి పెట్టి బొమ్మలు తీస్తున్న రోజుల్లోనే మన దగ్గర కూడా రాగి మీద గాడి పడుతుంది. తేడా ఏంటంటే మన వాళ్ళు సూటిగా చెక్కారు, చదవటానికి. వాళ్ళు తిరగేసి చెక్కారు, అచ్చు తీయటానికి. మన రేకు మీద సిరా పట్టించి తుడిచి కాయితం వేసి లాగితే అక్షరాలు వస్తాయి, కాకపోతే అద్దంలో పెట్టి చదువుకోవాలి. (దయచేసి ఏ పాత రేకు మీదా ఇలాంటి ప్రయోగం చెయ్యకండి.)

మూడోది చాలామందికి తెలీదు. 1840లో లైప్‌జిగ్‌లో అచ్చుకి నాలుగొందలేళ్ళ పండగ చేశారు, దానికోసం మెండెల్సన్ అనే జర్మన్ సంగీతకారుడు ఒక పాట కట్టాడు, ఊరి మధ్య గూటెన్‌బర్గ్ విగ్రహం ఆవిష్కరించేటప్పుడు పాడారు. అందులో ఒక బాణీని 1855లో ఇంగ్లండ్‌లో ఒకాయన క్రిస్మస్ కీర్తనకి అమర్చాడు. మన చర్చిల్లో డిసెంబర్‌లో దూత పాట పాడుడీ అని పాడేది ఆ బాణీలోనే. అది కంపోజిటర్ల పండగ కోసం పుట్టిన రాగం అని తెలిశాక మా వీధి చివర చర్చిలోంచి ఆ పాట వినపడినప్పుడల్లా మా నాన్న గుర్తొస్తాడు.

ఒక రేకు నుంచి ఎన్ని ప్రింట్లు వస్తాయి?

రాగి మెత్తటి లోహం, లాగిన ప్రతిసారీ, తుడిచిన ప్రతిసారీ కొంచెం అరుగుతుంది. మొదటి కొన్ని వందలు నల్లగా నిండుగా ఉంటాయి, ఆ తర్వాత సన్న గీతలు ముందు పోతాయి, నీడలు బూడిద రంగులోకి దిగుతాయి. అప్పుడు గీతల్లో మళ్ళీ ఉలి పెట్టి లోతు చేసుకునేవాళ్ళు. రేకులు ఆస్తిలాగా కొడుకులకి, మనవళ్ళకి వచ్చేవి, గాలె కుటుంబంలో కూడా తరాల తరబడి పాత రేకుల మీద అచ్చులు తీసి అమ్మారు. రేకు మీద పేరు మార్చినా, గీత కలిపినా ఆ దశని స్టేట్ అంటారు, అందుకే ఒకే బొమ్మకి మొదటి స్టేట్, రెండో స్టేట్ అని ధరలు వేరుగా ఉంటాయి.

కొనాలనుకుంటున్నా, అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

ఇది నా సొంత దెబ్బతో నేర్చుకున్నది. కొన్నేళ్ళ కింద ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర నాలుగో బొమ్మ అసలుదని చెప్తే నమ్మి, రెండు నెలలు డబ్బులు కూడబెట్టుకుని తెప్పించాను. పార్సిల్ విప్పి భూతద్దం పెట్టగానే గుండె జారిపోయింది, గీతలన్నీ చిన్న చిన్న చుక్కలు. ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసి, టీ నీళ్ళలాంటి రంగు పట్టించిన కాయితం. అడిగితే సమాధానం లేదు. మా నాన్న ఉంటే వాసన చూసి చెప్పేవాడు.

కాబట్టి పది రెట్ల భూతద్దం ముందు కొనండి, ప్రింటు తర్వాత. గీత చుక్కలుగా విడిపోతే వదిలెయ్యండి. నిజం ఎన్‌గ్రేవింగ్ గీత మొదట్లో సన్నగా మొదలై మధ్యలో లావై మళ్ళీ సూదిలా ముగుస్తుంది, సిరా కాయితం మీద కొంచెం ఎత్తుగా నిలబడుతుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుడు గుర్తు ఉండాలి, అయితే చాలా పాత ప్రింట్లకి అంచులు కత్తిరించేసి ఉంటారు కాబట్టి అది లేనంత మాత్రాన దొంగది కాదు, ఉన్నంత మాత్రాన అసలుదీ కాదు, ఫోటోగ్రావ్యూర్ (ఫోటో నుంచి రాగి రేకు తయారుచేసి అచ్చేసే పద్ధతి) నకళ్ళకి కూడా నొక్కుడు ఉంటుంది. కాయితాన్ని వెలుగుకి పట్టి చూడండి, చేత్తో చేసిన పాత కాయితంలో తీగల గీతలు వరసగా కనపడతాయి, అదృష్టం ఉంటే నీటిగుర్తు కూడా. వెనక్కి తిప్పి ఫోటో పంపమని అడగండి, పంపకపోతే కొనకండి.

కొనకుండా చూడాలంటే?

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం సైట్లలో ఈ కాలం ప్రింట్లు పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి, స్ట్రాడానస్ పేరు ఇంగ్లీషులో కొట్టి వెతకండి. ఫోన్‌లో కాదు, వీలైతే కంప్యూటర్‌లో తెరిచి జూమ్ చెయ్యండి.

యూరప్‌లో ఉన్న మన పిల్లలకి, చూడటానికి వెళ్ళే అమ్మానాన్నలకి ఒక మాట, బెల్జియం వెళ్తే ఆంట్‌వెర్ప్‌లో ప్లాంటిన్ మొరెటస్ మ్యూజియం వదలకండి. 1500ల నాటి అచ్చాఫీసు ఇల్లు, 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 1600 ప్రాంతం నాటి ప్రెస్సులు రెండు ఉన్నాయి అక్కడ, ప్రపంచంలో మిగిలిన వాటిలో అవే పాతవి. ఈ బొమ్మలు వేయించిన ఫిలిప్స్ గాలె ఆ అచ్చాఫీసు పెట్టిన ప్లాంటిన్‌తో కలిసి పనిచేసినవాడే. జర్మనీ వైపు అయితే మైంజ్‌లో గూటెన్‌బర్గ్ మ్యూజియం.

ఫ్రేమ్ కట్టించేటప్పుడు ఏం జాగ్రత్త?

అసలు ప్రింటు అయితే ఎండ తగిలే గోడకి వద్దు. అద్దం కాయితానికి ఆనకూడదు, మధ్యలో యాసిడ్ లేని అట్ట మౌంటు పెట్టించండి, మన కోస్తా తేమకి అద్దానికి అంటుకుపోతే ఊడదీయలేం. సెల్లో టేపు, ఫెవికాల్ రెండూ వద్దు. ఫ్రేము షాపులో అంచులు పొట్టిగా కోస్తానంటే ఒప్పుకోకండి, ఆ రేకు నొక్కుడు గుర్తు ఆ అంచులోనే ఉంది.

పిల్లలకి ఇది చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నేను మా అక్క మనవడికి చేసింది చెప్తాను. బంగాళాదుంప సగం కోసి అందులో వాడి పేరు మొదటి అక్షరం చెక్కించాను, ర. సూటిగా చెక్కాడు, కాయితం మీద తిరగబడి వచ్చింది, మొహం మాడ్చుకున్నాడు. రెండో ముక్క మీద అద్దం పక్కన పెట్టుకుని తిరగేసి చెక్కాడు, వచ్చింది. అప్పుడు కంప్యూటర్‌లో నాలుగో బొమ్మ తెరిచి చూపించాను. వాడు బొమ్మ చూడలేదు, జరిపి జరిపి కింద లాటిన్ అక్షరాల దగ్గర ఆగి, నానమ్మా ఇవన్నీ తిరగేసే చెక్కారా అని అడిగాడు.